అబ్‌స్ట్రాక్ట్ అంటే ఇంగ్లీషు పరీక్ష కాదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ అడిగినప్పుడు కవిత రాద్దామా, హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామా అని మేము చాలాసేపు ఆలోచించాం. జ్ఞాపకాలు రాయడానికి మాకన్నా పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. మెస్సు సాంబారు గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి ఎవరూ పట్టించుకోని ఒక చిన్న విషయం గురించి రాస్తున్నాం. దాని పేరు అబ్‌స్ట్రాక్ట్. పరిశోధనా పత్రంలో శీర్షిక కింద రెండు, రెండున్నర వందల మాటల్లో రాసే సారాంశం. డిగ్రీ తమ్ముళ్లు "ఇది మాకెందుకు" అని పేజీ తిప్పెయ్యకండి. రేపు పీజీ ప్రాజెక్టు, ఎల్లుండి సెమినార్, ఆ తర్వాత పీహెచ్‌డీ ఇంటర్వ్యూ. అన్నిచోట్లా మన పనిలో ముందు చదివేది ఆ ఒక్క పేరానే. చాలాచోట్ల చదివేది కూడా అదొక్కటే.

ముందు మా అనుభవం చెబుతాం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మేము ముగ్గురం మా ఊళ్ల బోరు నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి ఫ్లోరైడ్ ఎంతుందో కొలిచాం. నల్గొండ వైపు ఊళ్లలో పుట్టినవాళ్లకు ఫ్లోరైడ్ అంటే ఏమిటో పుస్తకం చూసి తెలుసుకోనక్కర్లేదు. పళ్ల మీద గారలు, వంగిన కాళ్లు చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. ఎండల్లో తిరిగాం, ల్యాబ్‌లో రాత్రిదాకా కూర్చున్నాం, పని నిజాయితీగా చేశాం. ఒక జాతీయ సెమినార్‌కు అబ్‌స్ట్రాక్ట్ పంపాం. అది తిరిగొచ్చింది. కారణం ఒక్క వాక్యంలో రాశారు: ఈ అధ్యయనంలో ఏం తేలిందో తెలియడం లేదు.

మాకు చాలా కోపం వచ్చింది. "మన పేర్లు చూసి కొట్టేశారు" అని ఒకరం, "మన ఇంగ్లీషు చూసి కొట్టేశారు" అని ఇంకొకరం అనుకున్నాం. అలాంటివి ఈ దేశంలో జరగవని మేము అనడం లేదు. కానీ ఆ కాగితం మళ్లీ చల్లగా చదువుకుంటే తప్పు మాదేనని తేలింది. అందులో ఉన్నది తెలుగులో చెబితే ఇదీ: "నీరు మానవ మనుగడకు అత్యంత ఆవశ్యకమైన ప్రకృతి వనరు. ఇటీవలి కాలంలో భూగర్భ జలాల నాణ్యత ప్రపంచవ్యాప్తంగా ఆందోళన కలిగిస్తున్నది. ఈ పత్రంలో ఎంపిక చేసిన ప్రాంతంలోని నీటి నమూనాలలో ఫ్లోరైడ్ పరిమాణం అధ్యయనం చేయబడింది. ఫలితాలు వివరంగా చర్చించబడ్డాయి. తగు సూచనలు చేయబడ్డాయి." ఏ ప్రాంతం? ఎన్ని నమూనాలు? ఎంత ఫ్లోరైడ్? ఏం సూచనలు? ఒక్కటీ లేదు. పైగా మొదటి రెండు వాక్యాలు మావి కావు. ఇంటర్నెట్‌లో దొరికిన ఇంకో పత్రంలోంచి దించినవి.

ఇందులో విచిత్రం ఏమిటంటే, ఫలితం ఏమిటో మాకు చక్కగా తెలుసు. అంతకు నెల ముందే మాలో ఒకరి ఇంటికి వెళ్లినప్పుడు వాళ్లమ్మ అడిగింది. "ఇన్ని దినాలు నీళ్లు మోసుకపోతిరి గద బిడ్డా, ఏం తేలింది?" వాడు అన్నాడు: "మన వీధి బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువున్నదమ్మా, తాగుడుకు పనికిరావు. చెరువు పక్క బోరు జర మంచిగున్నది." అంతే. అమ్మకు రెండు వాక్యాల్లో చెప్పగలిగిన సంగతి సెమినార్ వాళ్లకు రెండు వందల మాటల్లో చెప్పలేకపోయాం. ఎందుకని?

భయం వల్ల. మా అభిప్రాయం ఇదే, ఈ వ్యాసమంతా దీని గురించే. మన ఇళ్లల్లో అబ్‌స్ట్రాక్ట్ అంటే ఏమిటని అడగడానికి ఎవరూ లేరు. తెలుగు మీడియంలో చదివి వచ్చాం. ఇంగ్లీషు అనగానే గొంతు తడారుతుంది. కాబట్టి మనం రాయాల్సిన చోట ఎవరో గొప్పవాళ్లు రాసిన వాక్యం తెచ్చి పెడతాం. మన ఫలితం చెప్పాల్సిన చోట "చర్చించబడింది" అని తప్పుకుంటాం. పెద్ద మాటల వెనక మన పని దాక్కుంటుంది. అబ్‌స్ట్రాక్ట్ అనేది ఇంగ్లీషు పరీక్ష అనుకోవడమే ఇక్కడ అసలు పొరపాటు. అది లెక్క అప్పజెప్పడం లాంటిది. ఏం చేశాం, ఏం దొరికింది, అందులో మనదెంత, ఇతరులదెంత అని చెప్పే కాగితం.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. 1951లో కెన్నెత్ లాండెస్ అనే అమెరికా భూగర్భ శాస్త్రవేత్త తన తోటి శాస్త్రవేత్తల అబ్‌స్ట్రాక్టులు చూసి విసిగిపోయి ఒక చిన్న వ్యాసం రాశాడు. ముందు "అది చర్చించబడింది, ఇది వివరించబడింది" తరహాలో ఒక పనికిమాలిన సారాంశం తానే రాసి, దాని తర్వాత అదే వ్యాసానికి అసలు విషయం చెప్పే సారాంశం రాసి చూపాడు. మొదటిది చదివితే వ్యాసంలో ఏయే గదులున్నాయో తెలుస్తుంది, ఏ గదిలో ఏముందో తెలియదు. రెండోది చదివితే సరుకే చేతికొస్తుంది. 1999లో జామా అనే వైద్య పత్రికలో పిట్కిన్, మరో ఇద్దరు కలిసి ఇంకో సంగతి బయటపెట్టారు. పేరున్న ఆరు వైద్య పత్రికల అబ్‌స్ట్రాక్టులను వాటి పూర్తి వ్యాసాలతో పోల్చి చూస్తే, పత్రికను బట్టి 18 నుంచి 68 శాతం దాకా అబ్‌స్ట్రాక్టుల్లో లోపాలు కనిపించాయి. అంకెలు లోపలి వ్యాసంతో కలవకపోవడమో, లోపల అసలు లేకపోవడమో జరిగింది. అవి ఇంగ్లీషు బాగా వచ్చిన డాక్టర్లు రాసినవే. అంటే భాష ఒక్కటే వచ్చినంత మాత్రాన సరిపోదని అర్థమవుతున్నది కదా.

మరి మనకు ఆదర్శం ఎవరు? మన హాస్టల్ హాలులో పటం కట్టుకున్న మనిషే. 1916 మే 9న న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో, గోల్డెన్‌వైజర్ అనే ఆచార్యుని మానవశాస్త్ర సెమినార్‌లో ఇరవై ఐదేళ్ల విద్యార్థి అంబేడ్కర్ భారతదేశంలో కులాల గురించి ఒక పత్రం చదివారు. మరుసటి ఏడాది అది ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో అచ్చయింది. మనం ఆ పత్రాన్ని జయంతి రోజు ఉపన్యాసాల్లో తలచుకుంటాం. దాన్ని ఒక విద్యార్థి రాసిన సెమినార్ పేపర్‌గా ఒకసారి చదవండి. మొదట సెనార్ట్, నెస్ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ కులాన్ని ఎలా నిర్వచించారో పేరు పేరునా చెబుతారు. ఎవరి దగ్గర ఏది సరిగా ఉందో, ఏది చాలదో చూపుతారు. ఆ తర్వాతే తన మాట చెబుతారు: కులానికి మూలం తమలో తాము పెళ్లిళ్లు చేసుకునే కట్టుబాటే అని. అనుకరణ గురించి మాట్లాడేటప్పుడు టార్డ్ అనే ఫ్రెంచి పండితుని పేరు దాచుకోరు. చివర్లో తన పత్రం మొత్తాన్ని నాలుగు అంశాలుగా కుదించి ఇస్తారు. భిన్న జాతులు కలిసినా ఈ దేశ ప్రజల్లో సంస్కృతి ఒకటిగా ఉందని, ఆ ఒక్కదాన్ని ముక్కలు చేసినదే కులమని, మొదట ఒక కులమే ఉండేదని, అనుకరణ వల్లా వెలివేత వల్లా వర్గాలు కులాలైపోయాయని. ఆ కాలంలో వ్యాసం మీద అబ్‌స్ట్రాక్ట్ పెట్టే అలవాటు లేకపోవచ్చు గానీ, ఆ నాలుగు అంశాలకు మించిన అబ్‌స్ట్రాక్ట్ మాకైతే కనిపించలేదు. "కులం గురించి చర్చించబడింది" అని ఆయన రాయలేదు. తేలినది చెప్పారు. ఒప్పుకునేవాడు ఒప్పుకోవచ్చు, కాదనేవాడు ఎక్కడ కాదనాలో కూడా తెలుస్తుంది.

ఇక పద్ధతికొద్దాం. తిరిగొచ్చిన అబ్‌స్ట్రాక్ట్‌ను మేము మళ్లీ రాశాం. ఈసారి ముందు తెలుగులో, అమ్మకు చెప్పినట్టు. ఐదు ప్రశ్నలు వేసుకున్నాం. సమస్య ఏమిటి? ఎక్కడ, ఎంత పని చేశాం? ఎలా చేశాం? ఏం తేలింది? దానివల్ల ఏమిటి, దాని హద్దు ఎక్కడ? ఒక్కో ప్రశ్నకు ఒకటి రెండు వాక్యాలు. పద్ధతి అర్థం కావడానికి మాత్రమే, అంకెలు ఊహించి వేసి ఒక నమూనా ఇస్తున్నాం:

"ఈ గ్రామంలో తాగునీటికి, వంటకు ఇప్పటికీ కొందరు బోరు నీళ్లు వాడుతున్నారు. గ్రామంలోని 30 బోర్ల నుంచి వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి నీళ్లు సేకరించాం. ఫ్లోరైడ్‌ను అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచాం. భారత ప్రమాణం ఐ.ఎస్. 10500, 2012 ప్రకారం వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే గరిష్ఠ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. వేసవిలో 19 బోర్లు ఈ హద్దు దాటాయి. చెరువుకు దగ్గరగా ఉన్న 6 బోర్లలో ఒక్కటీ దాటలేదు. ఒక్క ఊరి, ఒక్క ఏడాది కొలతలు కాబట్టి చెరువు వల్లనే ఈ తేడా వచ్చిందని ఇప్పుడే చెప్పలేం."

ఇందులో ఒక్క పెద్ద మాట లేదు. దీన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి ఇంటర్మీడియట్ ఇంగ్లీషు చాలు. తప్పులుంటే గైడ్ సరిచేస్తారు. వ్యాకరణం తప్పును ఎవరైనా దిద్దగలరు. లోపల లేని ఫలితాన్ని ఎవరూ దిద్దలేరు. చివరి వాక్యం మీద మాలో కూడా వాదన జరిగింది. "మన లోపం మనమే చెప్పుకోవడం ఎందుకు?" అన్నాడు ఒక మిత్రుడు. చెప్పుకోవాలి. మనం చెప్పకపోతే సెమినార్‌లో ఎదుటివాడు లేచి చెబుతాడు. మనమే చెబితే దాన్ని నిజాయితీ అంటారు, వాడు చెబితే మనకు తెలియలేదని అంటారు. ఇంకో జాగ్రత్త, అబ్‌స్ట్రాక్ట్ చివర్లో రాయాలి. పని పూర్తయి, పట్టికలు గట్టిపడ్డాక, ప్రతి అంకె పక్కన లోపలి పేజీ నంబరు పెన్సిలుతో వేసుకుని సరిచూడాలి. పైన చెప్పిన వైద్య పత్రికల లోపం మనకు రాకుండా ఉండాలంటే ఇదే దారి.

రిఫరెన్సుల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ మంది తికమకపడతారు. అబ్‌స్ట్రాక్ట్ విడిగా అచ్చవుతుంది, విడిగా చదవబడుతుంది. వెనకాల ఉండే జాబితా దాని పక్కన ఉండదు. అందుకని చాలా పత్రికలు అబ్‌స్ట్రాక్ట్‌లో రిఫరెన్సు నంబర్లు వేయవద్దంటాయి. కొన్ని సెమినార్లు మాత్రం కింద రెండు మూడు ఇమ్మంటాయి. ముందు వాళ్ల నియమాలు చదవండి. నంబరు వేయకపోయినా, ఎవరిది వాళ్లకు ఇవ్వాల్సిన చోట్లు మూడున్నాయి. ఒకటి, కొలబద్ద. "హద్దు దాటింది" అంటే ఎవరు పెట్టిన హద్దో, ఏ సంవత్సరం ప్రమాణమో రాయాలి. రెండు, పద్ధతి. ఉదాహరణకు పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే విధానం వాడితే, అది 1970లలో నీరి సంస్థ రూపొందించిన నల్గొండ టెక్నిక్ అని చెప్పాలి, మనం కనిపెట్టినట్టు రాయకూడదు. మూడు, మన ఫలితం ఎవరి మాటను బలపరుస్తుందో, ఎవరి మాటను కాదంటుందో, ఆ రచయిత పేరు, సంవత్సరం వాక్యంలోనే చెప్పాలి. మిగతావన్నీ పత్రం లోపల, జాబితాలో.

పేరు ఇవ్వడం అంటే మర్యాద మాత్రమే అనుకోకండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని చూడండి. 1925లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. వందేళ్లు దాటినా ఆ పద్ధతిని ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తున్నారు. ఆయన బతికి ఉండగా పేరు ప్రఖ్యాతులు పెద్దగా రాలేదు, ఆయన కోరుకోలేదు కూడా. అయినా ప్రపంచంలో ఎక్కడెక్కడి విద్యార్థులో తమ పత్రాల చివర ఆ తెలుగు పేరు రాస్తూ వచ్చారు. రిఫరెన్సు అంటే అది. ఎవరి శ్రమనైనా పేరు లేకుండా వాడుకోవడం ఎలా ఉంటుందో మన తాతలకు తెలుసు. పొలం దున్నినవాడి పేరు పట్టాలో ఎక్కకపోతే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా? అదే పని మనం ఇంకొకరి వాక్యాలతో చేయకూడదు.

చదవకుండా రిఫరెన్సు ఇవ్వడం ఇంకో దురలవాటు. 2003లో సిమ్కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు పరిశోధకులు ఒక తమాషా పని చేశారు. రిఫరెన్సు జాబితాల్లో పేజీ నంబర్ల అచ్చుతప్పులు ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతున్నాయో లెక్కపెట్టారు. పరీక్షలో పక్కవాడి తప్పు కూడా దించినవాడు దొరికిపోయినట్టే. వాళ్ల అంచనా ప్రకారం రిఫరెన్సు ఇచ్చినవాళ్లలో దాదాపు 20 శాతం మందే అసలు వ్యాసం చదివి ఉంటారు. మనం ఐదు చదివి ఐదే ఇద్దాం. ఇరవై ఐదు ఇచ్చి ఇంటర్వ్యూలో నీళ్లు నమలడం కన్నా అది మేలు.

దించి రాయడం వల్ల డిగ్రీయే పోవచ్చునని కూడా మన తమ్ముళ్లకు తెలియాలి. యు.జి.సి. 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాటి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోగా సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 దాకా ఉంటే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అన్నిటికన్నా ముఖ్యం, అబ్‌స్ట్రాక్ట్, ఫలితాలు, ముగింపు వంటి భాగాలు సొంత ఆలోచనలే కావాలని, వాటిలో పోలికలు ఉండకూడదని ఆ నిబంధనలు పేరు పెట్టి చెబుతున్నాయి. ఇప్పుడు ఫోన్‌లో అడిగితే క్షణంలో అబ్‌స్ట్రాక్ట్ రాసిచ్చే కృత్రిమ మేధ వచ్చింది. వ్యాకరణం సరిచూసుకోవడానికి పనికొస్తుంది, కాదనం. కానీ మన ఊరి బోరులో ఏముందో దానికి తెలియదు. లేని పుస్తకాలకు, లేని రచయితలకు రిఫరెన్సులు పుట్టించడం కూడా దానికి అలవాటు. ఇంకొకరి వాక్యం వెనక దాక్కోవడం ఎంత తప్పో, యంత్రం వాక్యం వెనక దాక్కోవడం అంతే తప్పు.

"ఇవన్నీ సరే, ముందు ఉద్యోగం రావాలి, నోటిఫికేషన్లకు చదువుకోవాలి, అబ్‌స్ట్రాక్టులతో కడుపు నిండుతుందా?" అని మా గదిలోనే ఒక అన్న అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. ఇంటి దగ్గర అప్పులున్నవాడికి గ్రూప్స్ పుస్తకమే ముందు కనిపిస్తుంది. కానీ ఒకటి ఆలోచించండి. మన హాస్టల్ నుంచి ప్రతి ఏడూ ఎంతోమంది పీజీ ప్రాజెక్టులు చేస్తున్నారు. చేనేత మీద, వలసల మీద, మన బడుల మీద, మన నీళ్ల మీద. అవన్నీ బైండు చేయించి, ఒక కాపీ డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చి, ఒకటి ట్రంకు పెట్టెలో వేసి తాళం పెడుతున్నాం. నాలుగేళ్ల తర్వాత ఎవరో బయటివాళ్లు కార్లో వచ్చి, రెండు రోజులు తిరిగి, అదే ఊరి మీద పత్రం రాస్తారు. అప్పుడు మన ఊరి గురించి మనమే వాళ్లను రిఫరెన్సుగా ఇవ్వాల్సి వస్తుంది. వాళ్లది తప్పు కాదు. వాళ్లు తేలినది చెప్పారు, మనం చెప్పలేదు. అంతే తేడా.

కాబట్టి ఈ వార్షికోత్సవం సందర్భంగా మేము మూడు కోరుతున్నాం. మొదటిది, పూర్వ విద్యార్థులైన అన్నలు తమ అబ్‌స్ట్రాక్టుల కాపీలు హాస్టల్ లైబ్రరీకి పంపాలి. అంగీకరించబడినవే కాదు, తిరిగొచ్చినవి కూడా, తిరిగొచ్చిన కారణంతో సహా. మా పాత కాగితాన్ని మొదటగా ఆ ఫైలులో మేమే పెడుతున్నాం. సిగ్గుపడాల్సిందేమీ లేదు. రెండోది, నెలకొక ఆదివారం మెస్సు హాలులో గంటసేపు కూర్చుందాం. ప్రాజెక్టు చేస్తున్న ప్రతి ఒక్కరూ తమ పనిని ముందు తెలుగులో ఐదు వాక్యాల్లో చెప్పాలి. డిగ్రీ మొదటి సంవత్సరం తమ్ముడికి అర్థమైతేనే అది ఇంగ్లీషులోకి వెళ్లాలి. మూడోది, వార్డెన్ గారు దయచేసి వచ్చే ఏడు ఈ సంచికలో మన విద్యార్థుల అబ్‌స్ట్రాక్టులకు నాలుగు పేజీలు కేటాయించాలి.

మా రెండో అబ్‌స్ట్రాక్ట్ ఇంకో సెమినార్‌కు పంపాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా, ఈసారి అది చదివినవాళ్లకు మా ఊళ్ల నీళ్లలో ఏముందో తెలుస్తుంది. తిరిగొస్తే అదీ ఫైలులో పెడతాం.